ఇల్లు ఒక ప్రశ్న, స్కూలు ఇంకో ప్రశ్న

డాలస్ పక్కన ఇర్వింగ్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. పొడుగాటి ఉత్తరం, కుదించి ఇస్తున్నాను.

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఆరేళ్లుగా ఇర్వింగ్‌లోనే రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు, అద్దె 1,850 డాలర్లు. ఆయనది హెచ్1బీ వర్క్ వీసా, ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయింది, గ్రీన్‌కార్డు ఎప్పటికో తెలియదు. ఆఫీసు లాస్ కొలీనాస్‌లో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. ఆమె హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వర్క్ పర్మిట్) మీద క్యారల్టన్‌లో ఒక డెంటల్ క్లినిక్‌లో పని చేస్తున్నారు. బాబు ఐదో తరగతి. పాప వచ్చే ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేరాలి. కూడబెట్టింది 60 వేల డాలర్లు.

గత ఏడాదిలో వాళ్ల పార్కింగ్‌లో కారు అద్దాలు రెండుసార్లు పగిలాయి. బాబు స్కూలుకు రేటింగ్ పదికి నాలుగు. బాబుకి మాత్రం ఆ స్కూలంటే ప్రాణం. భర్త డాలస్‌కు ఈశాన్యాన ఉన్న ప్రిన్స్‌టన్‌లో కొత్త ఇల్లు చూశారు: నాలుగు బెడ్‌రూములు, 3 లక్షల 35 వేల డాలర్లు, పది శాతం డౌన్. నెలకు 2,350 అని బిల్డర్ తాలూకు లోన్ మనిషి కాగితం మీద రాసిచ్చాడు. ఈ నెలాఖరులోగా అడ్వాన్సు కట్టకపోతే రేటు పెరుగుతుందట. ఫ్రిస్కోలో ఉంటున్న బావగారు మాత్రం ‘అప్పు చేసైనా ఇక్కడే కొనండి, పిల్లల భవిష్యత్తు ముఖ్యం’ అంటున్నారు. అక్కడ నచ్చిన ఇల్లు 5 లక్షల 75 వేలు. ‘అంతదాకా మా అడ్రస్ పెట్టి పిల్లల్ని ఇక్కడ చేర్చేయండి, ఎవరు చూడొచ్చారు’ అని తోడికోడలు సలహా. హైదరాబాద్ నుంచి మామగారు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో అడిగేది ఒకటే, ‘ఇల్లు ఎప్పుడు?’ అని.

‘నేను స్కూలు గురించి మాట్లాడితే ఆయన ఇంటి గురించి మాట్లాడతారు. నేను డబ్బు లెక్క తీస్తే ఆయన పిల్లల సేఫ్టీ అంటారు. రాత్రి పన్నెండింటిదాకా మాట్లాడుకుంటాం, ఏదీ తేలదు. నాకు కావలసింది పెద్ద ఇల్లు కాదు. భయం లేకుండా పిల్లల్ని బయటకు పంపగలిగే చోటు, మాకు అందుబాటులో ఒక మంచి స్కూలు. అది అత్యాశా?’ అని ముగించారు.

*

అత్యాశ కాదమ్మా. మీరిద్దరూ రాత్రి పన్నెండింటిదాకా మాట్లాడుకున్నా ఎందుకు తేలడం లేదో మీ ఉత్తరంలోనే ఉంది. మీరు స్కూలు అంటే ఆయన ఇల్లు అంటున్నారు. రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒక్కటి చేసి ఒకే జవాబు వెతుకుతున్నారు. సొంతిల్లు కొనాలా, కొంటే ఎప్పుడు అన్నది మీ డబ్బుకీ ఆయన వీసాకీ సంబంధించిన ప్రశ్న. పిల్లలు ఏ స్కూల్లో చదవాలన్నది అడ్రసుకు సంబంధించిన ప్రశ్న. స్కూలువాళ్లు మీ లీజు కాగితమో కరెంటు బిల్లో చూస్తారు. ఆ అడ్రసులో మీరు ఓనరా, అద్దెకున్నారా అన్నది వాళ్లకు అక్కర్లేదు. ఆరు లక్షల డాలర్ల ఇంట్లోంచి వచ్చిన పిల్లాడూ, అదే జోన్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లోంచి వచ్చిన పిల్లాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఈ రెండు ప్రశ్నల్నీ విడదీస్తే మీకు కనిపించని దారులు ఇంకా ఉన్నాయి.

అందులో ఒకటి మీ ఇంటికి కొద్ది మైళ్లలోనే ఉంది. టెక్సస్‌లో ఊరి హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్టు హద్దు వేరు. మీ ఇర్వింగ్‌నే తీసుకోండి. అడ్రసులో అందరికీ ఇర్వింగ్ అనే ఉంటుంది. కానీ కొంత భాగం ఇర్వింగ్ ఐఎస్‌డీ (ఐఎస్‌డీ అంటే స్కూల్ డిస్ట్రిక్టే), వ్యాలీ రాంచ్ వైపు కాపెల్ ఐఎస్‌డీ, ఇంకొంత క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ. ఫ్రిస్కో కూడా అంతే. ఊరు ఫ్రిస్కో అయినా కొన్ని వీధులు లూయిస్‌విల్, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల్లోకి వెళ్తాయి. అటు ప్లేనో, మెకిన్నీ అడ్రసులున్న కొన్ని ఇళ్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉన్నాయి. మన వాళ్లు ‘ఫ్రిస్కోలో కొన్నాం’ అని చెప్పుకుంటారే గానీ, పిల్లలు చదివేది ఊరి పేరులో కాదు. కాబట్టి ‘ఏ ఊరు మంచిది?’ అని వాట్సాప్ గ్రూపుల్లో అడగడం మానేయండి. ప్రతి డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లోనూ అడ్రసు కొడితే ఏ ఎలిమెంటరీ, ఏ మిడిల్, ఏ హైస్కూలో చూపించే పేజీ ఉంటుంది. మూడూ చూడండి. మంచి ఎలిమెంటరీ నుంచి మీకు నచ్చని మిడిల్ స్కూలుకు వెళ్లే అడ్రసులు బోలెడు. మీ బాబు ఆరులోకి వస్తున్నాడు గనక మీ ఇంటికి మిడిల్ స్కూలే ముందు ముఖ్యం.

ఇప్పుడా రేటింగ్ సంగతి. గ్రేట్‌స్కూల్స్ వెబ్‌సైట్ పదికి నాలుగు ఇచ్చిందని మీ ఆయన కంగారు పడుతున్నారు. ఆ అంకెలో పెద్ద వాటా పరీక్ష మార్కులది. పరీక్ష మార్కుల్లో పెద్ద వాటా తల్లిదండ్రుల చదువుదీ, ఆదాయానిదీ. ఇంట్లో ఇంగ్లిష్ వచ్చి, కుమాన్ ట్యూషన్లకు డబ్బు కట్టగలిగిన పిల్లలు ఎక్కువగా చేరిన చోట టీచర్లు ఏమీ చేయకపోయినా ఎనిమిది వస్తుంది. అందుకని ఆ పై అంకె దగ్గర ఆగకండి, కింద ‘స్టూడెంట్ ప్రోగ్రెస్’ అని ఇంకో అంకె ఉంటుంది, అది చూడండి. ఒక ఏడాదిలో పిల్లలు ఎంత ఎదిగారన్నది అందులో కొంతైనా తెలుస్తుంది. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఇచ్చే ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లలో కూడా ఇలాంటి విడి లెక్కే ఉంది. మార్కులు, ప్రోగ్రెస్ రెండింట్లో ఏది మెరుగ్గా ఉంటే దానికి 70 శాతం, వెనకబడిన పిల్లల్ని ఎంత పైకి తెచ్చారన్నదానికి 30 శాతం. కోర్టు కేసుల వల్ల ఆ గ్రేడ్లు రెండేళ్లు బయటకే రాలేదు, 2025లో వచ్చాయి. కాబట్టి ఎవరైనా పాత గ్రేడు చెబితే ఏ ఏడాదిదో అడగండి.

నేనైతే ఇంకో కాగితం చూస్తాను. ఆ ఏజెన్సీయే ఏటా ఇచ్చే టీఏపీఆర్ అనే స్కూళ్ల రిపోర్టు, ఉచితంగా దొరుకుతుంది. అందులో డిస్ట్రిక్టులో ఎంతమంది టీచర్లు మానేసి వెళ్లారు, ఎంత అనుభవం ఉన్నవాళ్లున్నారు, ఏడాది మధ్యలో ఎంతమంది పిల్లలు వచ్చి పోతున్నారు అన్న అంకెలుంటాయి. టీచర్లు నిలబడని స్కూలుకు ఎంత అందమైన భవనం ఉన్నా ఏం లాభం? మీ బాబుకి తన స్కూలంటే ప్రాణం అని రాశారు. అది ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకని సమాచారం. దాన్ని చిన్నచూపు చూడకండి. ఎలాగూ ఐదు అయ్యాక ఆ స్కూలు మారాల్సిందే, టెక్సస్‌లో ఎక్కువ చోట్ల ఆరు నుంచి మిడిల్ స్కూలు. అందుకే ఈ వేసవిలో ఇల్లు మారితే వాడికి పడే దెబ్బ చిన్నది. ఏడో తరగతి మధ్యలో మారిస్తే అదే దెబ్బ పెద్దది.

భయం గురించి. రెండుసార్లు కారు అద్దం పగిలితే ఎవరికైనా నిద్ర పట్టదు. కానీ కారు అద్దం పగలగొట్టేవాడు సాధారణంగా సీటు మీద వదిలేసిన ల్యాప్‌టాప్ బ్యాగు కోసం వస్తాడు, మీ పిల్లల కోసం రాడు. కోపం తెప్పించే నేరమే, కాదనను. దాన్ని ‘ఈ ఊరు సేఫ్ కాదు’ అని చదువుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. ఏ అడ్రసు చూస్తున్నా ఆ ఊరి పోలీసుల క్రైమ్ మ్యాప్‌లో చుట్టుపక్కల అర మైలు చూడండి. అందులో బండ్ల దొంగతనాలు వేరు, ఇళ్లలో చొరబాట్లు, దాడులు వేరు అని విడదీసి చూడండి. తర్వాత ఆ చోటికి రెండుసార్లు వెళ్లండి: మామూలు రోజు స్కూలు వదిలే వేళకు ఒకసారి, శుక్రవారం రాత్రి పదిన్నరకు ఒకసారి. మధ్యాహ్నం వెళ్లినప్పుడు ఒకటి గమనించండి. స్కూలు నుంచి ఇంటికి నడిచే దారిలో సైడ్‌వాక్ ఉందా, ఆరు లేన్ల రోడ్డు దాటాలా, దాటే చోట క్రాసింగ్ గార్డు ఉన్నారా? చాలా డిస్ట్రిక్టులు రెండు మైళ్ల లోపు ఉన్న పిల్లలకు బస్సు ఇవ్వవు. పిల్లలకు రోజూ ఎదురయ్యే ప్రమాదం దొంగ కన్నా ఎక్కువగా ఆ రోడ్డే. ఈ ముక్క రియల్టర్ చెప్పడు. చట్టం ప్రకారం వాళ్లు ‘ఈ ఏరియా మంచిది, ఆ ఏరియా మంచిది కాదు’ అని మనుషుల్ని బట్టి చెప్పకూడదు కూడా, కాబట్టి ఈ పని మీరే చేసుకోవాలి.

ఇక ప్రిన్స్‌టన్. మీ ఆయన మీద నాకు కోపం లేదు. 3 లక్షల 35 వేలకు నాలుగు బెడ్‌రూములు, కొత్త వంటగది, వెనక కాస్త గడ్డి అంటే ఆరేళ్లు అపార్ట్‌మెంట్‌లో ఉన్న ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ బిల్డర్ మనిషి రాసిచ్చిన ఆ 2,350 కాగితం ఇంకోసారి తీయండి. మీరు పంపిన వివరం ప్రకారం అందులో ప్రాపర్టీ ట్యాక్సు కింద ఉన్నది నెలకు 170. అది ఖాళీ స్థలం మీద ట్యాక్సు. జనవరి 1న ఇల్లు లేవకపోతే ఆ ఏడాది ట్యాక్సు స్థలానికే పడుతుంది. మరుసటి ఏడాది ఇంటితో కలిపి పడుతుంది. అక్కడి రేట్లలో 2.1 శాతం అనుకున్నా ఏడాదికి ఏడు వేలు. సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది, 2025 నుంచి స్కూలు ట్యాక్సు వేసేటప్పుడు ఇంటి విలువలో లక్షా 40 వేలు తీసేస్తారు. అది పోగా నెలకు 440 దగ్గర తేలుతుంది. అంటే 270 పెరిగింది. అంతలో ఆగదు. ఎస్క్రోలో, అంటే ట్యాక్సు, ఇన్సూరెన్సుల కోసం లోన్‌వాళ్లు నెలనెలా తీసి పెట్టే ఖాతాలో, అప్పటిదాకా తక్కువ పడిన డబ్బును కూడా తర్వాతి 12 నెలల్లో కలిపి వసూలు చేస్తారు. కొత్త ఇల్లు కొన్న మన వాళ్లలో రెండో ఏడాది ఆ ఎస్క్రో ఉత్తరం చూసి గుండె జారినవాళ్లు ఎందరో. పైగా ఆ వెంచర్ పీఐడీ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్)లోనో ఎంయూడీ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్)లోనో ఉంటే రోడ్లకూ నీళ్ల లైన్లకూ చేసిన అప్పు మీ బిల్లులో వేరే వరసగా వస్తుంది. దాని గురించి సంతకానికి ముందే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అడగండి, ఎన్నేళ్లు, ఏడాదికి ఎంత అని.

రెండోది దూరం. ప్రిన్స్‌టన్ నుంచి లాస్ కొలీనాస్ దాదాపు 45 మైళ్లు. అమెరికాలో 20 వేలు, ఆ పైన జనాభా ఉన్న ఊళ్లలో అన్నిటికన్నా వేగంగా పెరిగింది అదేనని సెన్సస్ బ్యూరో 2025లో చెప్పింది: 2023 జూలై నుంచి 2024 జూలై మధ్య ఒక్క ఏడాదిలో 30.6 శాతం. జనం అలా వచ్చి పడ్డారు గానీ, ఊళ్లోంచి బయటపడాలంటే అందరికీ ప్రధానంగా ఆ 380 రోడ్డే. ఊరి కౌన్సిల్ 2024లో కొత్త ఇళ్ల ప్రాజెక్టుల్ని కొన్నాళ్లు ఆపేసిందంటే నీళ్లు, రోడ్లు, పోలీసులు ఆ వేగానికి సరిపోలేదనే. అలా పెరిగే చోట స్కూళ్లు కూడా ఏటా కొత్తవి కడుతూనే ఉండాలి, కట్టినప్పుడల్లా జోన్లు మారుస్తారు. మీరు ఏ స్కూలు చూసి ఇల్లు కొన్నారో మీ పాప మూడో తరగతికి వచ్చేసరికి అదే ఉంటుందన్న హామీ లేదు.

ఒక మామూలు మంగళవారం ఊహించుకోండి. పన్నెండున్నరకు స్కూలు నర్సు ఫోన్ చేస్తుంది, పాపకు జ్వరం 101, వచ్చి తీసుకెళ్లండి అని. ఆయన లాస్ కొలీనాస్‌లో మీటింగ్‌లో ఉన్నారు. మీరు క్యారల్టన్‌లో పేషెంటు పక్కన ఉన్నారు. ఇద్దరిలో ఎవరు బయలుదేరినా గంట పడుతుంది. మీ క్లినిక్‌లో ఇలాంటివి నెలకు ఎన్నిసార్లు ఒప్పుకుంటారు? చాలా ఇళ్లలో జరిగేది చెబుతున్నాను: రెండేళ్లలోపు ఆ ఉద్యోగం మీరు మానేస్తారు, ఆయన కాదు. అప్పుడు 2,350 అనుకున్నది 2,700 అయి, రెండు జీతాలు ఒకటవుతాయి. ప్రిన్స్‌టన్ వద్దని అనడం లేదు. ఆయనకు పూర్తి రిమోట్ ఉద్యోగం ఉండి, మీకు అటువైపు మెకిన్నీలో పని దొరికితే ఆ ఇల్లు వేరే ఇల్లు. ఇప్పుడున్న పరిస్థితిలో ఆ ఇంటి ఖరీదులో పెద్ద భాగం మీరు మోస్తారు, అది బిల్డర్ కాగితంలో ఉండదు.

వీసా సంగతి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి మామూలుగా 60 రోజుల దాకానే గడువు. ఆ 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం ఆస్టిన్‌లో దొరికితే, ఇల్లు అమ్మాలి లేదా అద్దెకివ్వాలి. చుట్టూ బిల్డర్ ఇంకా కొత్త ఇళ్లు కడుతూ, తక్కువ వడ్డీ ఆశ చూపిస్తుంటే రెండేళ్ల పాత ఇల్లు మీ దగ్గర ఎవరు కొంటారు? కమిషన్లు, ఖర్చులు పోను మీ డౌన్‌పేమెంట్ సగం అక్కడే కరిగిపోవచ్చు. ఐదారేళ్లు కదలం అన్న ధైర్యం ఉన్నప్పుడే కొనడం లాభం. ‘అద్దె దండగ’ అనే మాటలో నిజం కొంతే. మొదటి ఐదేళ్లు మీరు కట్టే ఈఎంఐలో సింహభాగం వడ్డీనే. దానికి ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపితే అవీ తిరిగిరాని డబ్బే. మామగారికి ఈ లెక్క ఆదివారం కాల్‌లో చెప్పాల్సింది మీ ఆయనే, మీరు కాదు.

ఫ్రిస్కో గురించి క్లుప్తంగా. స్కూళ్లు బాగుంటాయి, అందులో అనుమానం లేదు. 5 లక్షల 75 వేల ఇంటికి పది శాతం డౌన్ కడితే మీ 60 వేలు దాదాపు అయిపోయినట్టే, తర్వాత ఏసీ పాడైనా క్రెడిట్ కార్డే. మన పిల్లలు ఎక్కువగా ఉండే హైస్కూళ్లలో పోటీ ఎలా ఉంటుందో మీ బావగారి పిల్లల్నే అడగండి, పెద్దవాళ్లను కాదు. ఇంకో లెక్క చాలామందికి తట్టదు. టెక్సస్‌లో 1997లో వచ్చిన చట్టం వల్ల ప్రభుత్వ యూనివర్సిటీలు హైస్కూల్ ర్యాంకును బట్టి నేరుగా సీటిస్తాయి. మామూలుగా అది టాప్ 10 శాతం. యూటీ ఆస్టిన్ మాత్రం 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి టాప్ 5 శాతానికి తగ్గించింది. ఆ ర్యాంకు రాష్ట్రం మొత్తంలో కాదు, సొంత స్కూల్లో. అందరూ టాపర్లే ఉన్న బడిలో 12వ శాతంలో నిలిచిన పిల్లాడు, పక్క ఊరి మామూలు బడిలో 4వ శాతంలో ఉండేవాడేమో. ఇందుకోసం కావాలని బలహీనమైన బడి వెతకమని అనను. పదికి పది రేటింగ్ కోసం ప్రాణాలు పెట్టి రెండు లక్షలు ఎక్కువ పోసేటప్పుడు ఇది కూడా తెలిసి పోయాలి, అంతే.

తోడికోడలి సలహా ఒక్కటి మాత్రం వినొద్దు. వాళ్ల అడ్రసు పెట్టి చేర్చడం చిన్న అబద్ధం కాదు. టెక్సస్‌లో తప్పుడు పత్రంతో స్కూల్లో చేర్చడం నేరం. దొరికితే బాబును తీసేస్తారు, అప్పటిదాకా చదివినదానికి ట్యూషన్ ఫీజు కట్టమంటారు. డిస్ట్రిక్టులు ఇళ్లకు వెళ్లి చూస్తాయి కూడా. గ్రీన్‌కార్డు లైనులో నిలబడి అలాంటి రికార్డు కొనితెచ్చుకునేంత గొప్ప స్కూలు ఏదీ లేదు. ఆవిడతో మాట పట్టింపులకు పోనక్కర్లేదు, ‘మా లాయరు వద్దన్నారు అక్కా’ అంటే సరిపోతుంది. సరైన దారి ఒకటి ఉంది: కొన్ని డిస్ట్రిక్టులు సీట్లు ఖాళీ ఉంటే బయటి అడ్రసుల పిల్లల్నీ ట్రాన్స్‌ఫర్ మీద తీసుకుంటాయి. బస్సు ఉండదు, ఏటా మళ్లీ అప్లై చేయాలి, హాజరు సరిగ్గా లేకపోతే తీసేయొచ్చు. మీ క్లినిక్ దారిలో అలాంటి డిస్ట్రిక్టు పడితే పనికొస్తుంది.

మీ ఇద్దరి లిస్టులోనూ లేని ఇంకో రకం ఇల్లుంది: ప్లేనో, క్యారల్టన్, లూయిస్‌విల్ వైపు ఎనభైల్లో, తొంభైల్లో కట్టిన చిన్న ఇళ్లు, టౌన్‌హోములు. అక్కడ ట్యాక్సు రేటు కొత్త వెంచర్ల కన్నా తక్కువ ఉండటం మామూలు, పీఐడీ గొడవ ఉండదు, చెట్లు పెరిగి నీడ ఉంటుంది, లైబ్రరీ దగ్గర. ఇబ్బందులూ ఉన్నాయి. ఇక్కడి బంకమట్టి ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బుతుంది, పునాదులు కదులుతాయి. మామూలు ఇన్‌స్పెక్టర్‌తో పాటు స్ట్రక్చరల్ ఇంజనీరును కూడా పిలవండి. కొన్ని వందలు ఖర్చు, ఇరవై వేలు మిగలొచ్చు. కప్పు వయసు అడగండి. వడగళ్లకు ఇన్సూరెన్సు డిడక్టబుల్ ఇక్కడ తరచుగా ఇంటి విలువలో ఒకటి రెండు శాతం ఉంటుంది, నాలుగు లక్షల ఇంటికి రెండు శాతం అంటే మొదటి 8 వేలు మీ జేబులోంచే. పాత ఊళ్లలో పిల్లల సంఖ్య తగ్గుతోంది, స్కూళ్లు మూతపడుతున్నాయి. ప్లేనో ఐఎస్‌డీ 2024 జూన్‌లో నాలుగు స్కూళ్లు మూసేయాలని ఓటేసింది. పెరిగే ఊళ్లో స్కూళ్లు చాలక జోన్లు మారతాయి, తగ్గే ఊళ్లో మూతపడి మారతాయి. డిస్ట్రిక్టు బోర్డు మీటింగుల మినిట్స్ ఆన్‌లైన్‌లో ఉంటాయి, సంతకానికి ముందు ఏడాది పాటివి తిరగేస్తే ఏ స్కూలు పేరు పదేపదే వస్తోందో తెలిసిపోతుంది.

చివరిది, నాకు మీ పరిస్థితికి దగ్గరగా అనిపించేది: ఇప్పుడు కొనకుండా, ఇర్వింగ్‌లోనే కాపెల్ ఐఎస్‌డీ జోన్‌లో ఉన్న అపార్ట్‌మెంట్‌కో, అద్దె టౌన్‌హోమ్‌కో మారడం. అద్దె మూడు నాలుగు వందలు ఎక్కువే అనుకుందాం. అయినా ప్రిన్స్‌టన్ ఇంటి రెండో ఏడాది లెక్క కన్నా తక్కువ. ఆయన ఆఫీసు దగ్గరే, మీ క్లినిక్ దగ్గరే, బాబు ఇప్పటి స్నేహితుల్ని శనివారాలు కలవొచ్చు. పాప కిండర్‌గార్టెన్ నుంచే అక్కడ మొదలుపెడుతుంది. మీ 60 వేలు అలాగే ఉంటాయి. నష్టాలు చెబుతాను. అద్దె ఏటా పెరుగుతుంది. మీకు కావలసిన జోన్‌లో ఖాళీ దొరకడం మీ చేతిలో లేదు. ఆ డిస్ట్రిక్టు కూడా ఒక ఎలిమెంటరీ మూసేసింది, కాబట్టి అడ్రసు కొట్టి చూడకుండా లీజు మీద సంతకం పెట్టొద్దు. అన్నిటికన్నా పెద్దది, మీ ఆయనకు ఇది ఓడిపోయినట్టు అనిపిస్తుంది. అన్నగారికి ఫ్రిస్కోలో ఇల్లుంది, నాన్నగారు ప్రతివారం అడుగుతున్నారు, నలభైకి దగ్గరపడి ఇంకా అపార్ట్‌మెంట్. ఆ బాధను ‘స్కూలు’ అనే మాట కింద దాచి మాట్లాడుతున్నారు, పైకి అనలేక. ఆయన్ను నేరుగా అడగండి: ‘పిల్లల స్కూలు సమస్య తీరిపోయిందనుకో, అప్పుడు కూడా ఈ ఏడే ఇల్లు కావాలా?’ అని. కావాలంటే అది సబబైన కోరికే, దానికి మీరిద్దరూ కలిసి ఒక గడువు పెట్టుకోండి, నెలకు ఇంత అని దాని కోసం వేరే ఖాతాలో వేయండి. అక్కర్లేదంటే ప్రిన్స్‌టన్ వాదన అక్కడితో అయిపోయింది.

బిల్డర్ నెలాఖరు గడువుకు కంగారు పడకండి. వాళ్లకు నెలాఖరు, క్వార్టర్ ఆఖరు ఎప్పుడూ ఉంటాయి, ఆ ఆఫరు వచ్చే నెల ఇంకో పేరుతో వస్తుంది. అడ్వాన్సు కడితే మాత్రం బిల్డర్ల కాంట్రాక్టుల్లో ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం. అందుకని ఒక్క చెక్కు కూడా ఇవ్వకముందు ఆ కాంట్రాక్టును సొంతంగా పెట్టుకున్న లాయరుకో, బిల్డర్‌తో సంబంధం లేని రియల్టర్‌కో చూపించండి.

మీకు నిజంగా ఉన్న గడువు మీ లీజుది. జూన్ 30తో అయిపోతుందని రాశారు. మీ అపార్ట్‌మెంట్ 60 రోజుల నోటీసు అడిగితే ఏప్రిల్ ఆఖరులోగా రాతపూర్వకంగా ఇవ్వాలి, లేకపోతే నెలవారీ అద్దెలోకి మార్చి ఎక్కువ వసూలు చేస్తారు. పాపకు సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లు నిండుతాయో లేదో చూసుకోండి, నిండితేనే కిండర్‌గార్టెన్ సీటు. జనన ధ్రువపత్రం, టీకాల రికార్డు, కొత్త లీజు కాపీ, ఒక కరెంటు బిల్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఏ డిస్ట్రిక్టుకు వెళ్లినా రిజిస్ట్రేషన్‌లో ముందు అడిగేవి అవే.